దేవుళ్ళకు పతన పరీక్ష

ఎక్కడో, ఎవరింట్లోనో, ఒక పసివాడు బొమ్మకారు చక్రం మింగాడు. వాడికేమీ కాలేదు. మర్నాటికల్లా చక్రం క్షేమంగా బయటికొచ్చింది, వాడు దాన్ని మళ్ళీ అడిగాడు కూడా. కాని ఈ ఇరవైనాలుగు గంటల్లో పై ఆఫీసుల్లో భద్రత అనే మాట పుట్టి, పెరిగి, పెళ్ళీడుకొచ్చి, ఒక మండలిని కనేసింది. దానికి గృహోపయోగ దారువస్తు భద్రతా మండలి అని నామకరణం చేశారు. ఇళ్ళల్లో ఉండే చెక్కసామాను మీద పెత్తనం చెలాయించే ఆఫీసన్నమాట.

పుట్టిన మండలి ఊరుకోదు కదా. మూడు నెలలు కూర్చుని ఒక నిర్వచనం తయారుచేసింది. రెండడుగుల ఎత్తుకు మించక, కొయ్యతో చేయబడి, రంగు పూయబడి, గృహమునందు ఉంచబడు ప్రతి వస్తువూ భద్రతా పరీక్షకు లోబడవలెను. ఇది రాస్తున్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నవి ఉయ్యాల చిలకలు, పీటలు, లాగుడుబళ్ళు. దేవుళ్ళు గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చేసరికి గెజిట్ అచ్చయిపోయింది, అచ్చయినదాన్ని తప్పనడానికి మండలిలో ఎవరికీ అధికారం లేదు.

ఆ దేవుళ్ళు పుట్టే ఊరు పొణికిపాడు. కొండ కింద నలభై గడప. అడవి నుంచి తెచ్చిన పొణికి కర్రను సన్నసెగ మీద ఆరబెట్టి, బాడిసతో చెక్కి, ఉలితో తీర్చి, చేతులూ కిరీటాలూ విడిగా చేసి చింతగింజల మక్కుతో అతికించి, సుద్దపూత పూసి రంగులు వేస్తారు. వెంకటేశ్వరస్వామి, నరసింహస్వామి, కనకదుర్గ, బాలకృష్ణుడు, ఎవరింటికి ఎవరు కావాలంటే వాళ్ళు. నలభై ఇళ్ళలో ఎవరు చెక్కినా, ఎవరు రంగులు వేసినా, చివరికి ప్రతి దేవుడూ ఒక్క గుమ్మానికే రావాలి. అది పానకాలు గుమ్మం. కళ్ళు దిద్దేది ఆయన.

పానకాలుకు అరవై రెండేళ్ళు. ఊళ్ళో ఆయన్ని కళ్ళ పానకాలంటారు. కళ్ళు దిద్దే రోజు స్నానం చేసి, పరగడుపున తలుపు వేసుకుని కూర్చుంటాడు. ఊపిరి బిగబట్టి నాలుగు గీతలు, రెండు చుక్కలు, అంతే. కళ్ళు దిద్దేవరకు అది కర్ర. చెక్కేవాళ్ళు దాన్ని పాదాల మధ్య ఇరికించుకుని పని చేస్తారు, పక్కన పడేస్తారు, మధ్యలో లేచి చుట్ట కాల్చుకుని వస్తారు. దిద్దాక మాత్రం స్వామి. ఇక నేల మీద పెట్టరు, కాలు చూపరు, 'అది' అనరు. పొణికిపాడులో పుట్టినవాడెవడికీ ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పాల్సిన పని లేదు.

ఆ సంవత్సరం వైశాఖంలో పానకాలు చావిడిలో ఇరవై ఏడుగురు దేవుళ్ళు కళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఇరవై ఏడూ మాట ఇచ్చినవే. ఎవరికి గృహప్రవేశం ఉందో, ఎవరింట్లో దేవుడి పీట ఖాళీగా ఉందో, పానకాలు భార్య సీతారావమ్మకు నోటికొచ్చు. సరిగ్గా ఆ వారమే మండలి తనిఖీదారు చిదానందం జీపు దిగాడు.

చిదానందం చెడ్డవాడు కాదు. పెళ్ళయి రెండేళ్ళయింది, ఉద్యోగంలో చేరి ఒక ఏడాది. చేతిలో పద్నాలుగు పేజీల ఫారం ఉంది, ఆ ఫారంలో ఖాళీలున్నాయి, ఖాళీలు కనిపిస్తే నింపకుండా ఉండలేడు. మొదటి వరసలో కూర్చున్న నరసింహస్వామిని చూసి మొదలుపెట్టాడు.

"వస్తువు పేరు చెప్పండి."

"నరసింహస్వామండి."

"ఎవరు వాడతారు? ఎన్నేళ్ళ లోపు పిల్లలకి?"

"పిల్లలకీ పెద్దలకీ అందరికీనండి. ఆయన దగ్గర వయసు తేడా ఏముందండి."

చిదానందం 'అన్ని వయసులు' అని రాసుకున్నాడు. అలా రాస్తే మూడేళ్ళలోపు పిల్లల నిబంధనలన్నీ నెత్తిమీద పడతాయని పానకాలుకు తెలియదు. వస్తువు ఎప్పటికి పూర్తయినట్టు అని మూడో పేజీలో ఉంటే, కళ్ళు దిద్దితేనే పూర్తయినట్టండి అని పానకాలు చెప్పిందీ రాసుకున్నాడు. తరువాతి ఖాళీ మొనల గురించి. తనిఖీదారు స్వయంగా తాకి చూడాలని ఉంది కాబట్టి చిదానందం బొటనవేలు తీసుకెళ్ళి స్వామి గోరు మీద ఆనించి నొక్కాడు. చిన్న నెత్తుటి చుక్క వచ్చింది. సీతారావమ్మ పసుపు తెచ్చి అద్దింది. గాయపరచు స్వభావము కలదు, అని రాసుకుని, ఎవరిని గాయపరచుటకు ఉద్దేశింపబడినది అన్న ఖాళీ దగ్గర కాస్త ఆలోచించి, హిరణ్యకశిపుని, అని నింపాడు. కదిలే భాగాలున్నాయా అన్నచోట దుర్గమ్మ ఎనిమిది చేతులూ ఒక్కొక్కటే కదిపి చూశాడు. కదల్లేదు. ఆయనకు అదొక్కటే ఆ రోజు సంతోషం కలిగించిన సంగతి.

చివరి పేజీలో నమూనాల సంగతి వచ్చింది. ఒక్కొక్క రకం నుంచి ఒక్కొక్క నమూనాను పరీక్షకు తీసుకెళ్ళాలి. నాలుగు రకాలు కదా, నాలుగు తీసుకెళ్ళండన్నాడు పానకాలు. చిదానందం వరస మొత్తం మీద చూపు నడిపించాడు. తొమ్మిదిమంది వెంకటేశ్వరస్వాములున్నారు. ఒకాయన కాస్త బొద్దుగా ఉన్నాడు, ఒకాయన పెదవి చివర నవ్వు ఎక్కువ, ఇంకొకాయన కిరీటం వేలెడు పొడుగు.

"ఇవి ఒకదానిలాగా ఒకటి లేవు కదండీ," అన్నాడు.

"చేతిపని కదండీ. ఎట్టా ఉంటారు?"

"అయితే ఇవి ఒక రకం కిందికి రావు. దేనికది ఒక రకం. ఇరవై ఏడు రకాలు, ఇరవై ఏడు నమూనాలు."

పానకాలు ఆ లెక్కను కాసేపు మనసులో తిప్పుకున్నాడు. నమూనాని పరీక్షలో ఏం చేస్తారని అడిగాడు. సగటు గృహిణి భుజమెత్తు నుంచి గచ్చు మీదికి ఐదుసార్లు జారవిడుస్తారని, దాన్ని పతన పరీక్ష అంటారని చిదానందం చెప్పాడు. విరక్కపోతే ఉలితో చీల్చి లోపల పురుగుందేమో చూస్తారట. ఆ తరువాత ఏం మిగులుతుందని పానకాలు అడిగాడు. ధ్రువపత్రం మిగులుతుందని చిదానందం నిజాయితీగా జవాబిచ్చాడు. ఇరవై ఏడుగురు దేవుళ్ళనూ గడ్డి పరిచిన అట్టపెట్టెల్లో కూర్చోబెట్టి జీపెక్కించి, రసీదు రాసిచ్చి వెళ్ళిపోయాడు.

జీపు మలుపు తిరిగేదాకా పానకాలు గుమ్మంలోనే నిలబడ్డాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా కళ్ళు దిద్దుతున్నాడు, తను కళ్ళు తెరిపించినవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఏదో ఒక ఇంట్లో దీపం ముందుకే వెళ్ళారు. గచ్చు మీదికి వెళ్ళడం ఇదే మొదలు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు.

పరీక్షాలయం పట్నంలో, పాత గిడ్డంగిలో ఉంది. అక్కడ జారవిడిచే ఉద్యోగం ఏసుపాదానిది. ఇరవయ్యేళ్ళుగా అదే పని. మండలి పుట్టకముందు వేరే శాఖలో కుర్చీలు, స్టూళ్ళు, ఉయ్యాలలు పైనుంచి వదిలిన చెయ్యి. ఒకసారి ఓ మంత్రిగారి సింహాసనం కూడా వదిలి నాలుగు ముక్కలు చేసిన ఘనుడు. మొదటి పెట్టె తెరిచి నరసింహస్వామిని భుజమెత్తుకు లేపాడు. లేపినవాడు ముఖం తనవైపు ఉంచుకున్నాడు, అదీ పొరపాటు. కాసేపటికి మెల్లగా దించి బల్ల మీద పెట్టి, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

నువ్వు చర్చికి వెళ్ళేవాడివి కదా, నీకేం ఇబ్బందని ఉపసంచాలకుడు విశ్వపతి మందలించాడు. ఎవరి దేవుడైనా గానీ కళ్ళల్లోకి చూసి కిందికి వదలమంటే తనవల్ల కాదని, పైగా ఈ సంగతి తెలిస్తే తన భార్య ఇంట్లోకి రానివ్వదని ఏసుపాదం మనవి చేసుకున్నాడు. విశ్వపతికి మనుషుల మీద కోపం రాదు, నిబంధనల మీద భక్తి మాత్రమే ఉంది. కారణం తెలుపుటకు తాఖీదు ఇచ్చి, మిగతా సిబ్బందిని పిలిచాడు. ఒకాయనకు శనివారం, ఇంకొకాయనకు ఇంట్లో మైల, ఇంకొకామె దుర్గమ్మ పెట్టె తెరిచి చూసి పెట్టె మూయకుండానే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది. మూడో వారానికి పరీక్షాలయంలో ఎవరూ చెప్పులతో తిరగడం లేదు.

అప్పుడు విశ్వపతికి ఒక ఉపాయం తట్టింది. ప్రకటన వేయించాడు. పతన పరీక్షకుడు కావలెను, తాత్కాలికం, దైవభక్తి లేనివారు మాత్రమే అర్హులు, తహశీల్దారు ధ్రువీకరణ తప్పనిసరి. తహశీల్దారు ఆఫీసులో దీనికి ఫారం లేదు. నివాస ధ్రువపత్రం ఫారం మీదే నివాసం కొట్టేసి నాస్తికత్వం అని రాసి ఇచ్చారు. మూడేళ్ళుగా ఏ గుళ్ళోనూ, ప్రసాదం నిమిత్తం కూడా, కనబడలేదని ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు సంతకం చెయ్యాలి. చాలామంది ఆ ప్రసాదం దగ్గరే ఆగిపోయారు. ముఖాముఖికి వచ్చిన ఆరుగురిలో ఒకతను దేవుడి దయవల్ల తనకు ఎలాంటి నమ్మకాలూ లేవని చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చివరికి నిరంజనరావుగారు ఎంపికయ్యారు. ముప్ఫయ్యేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన పంతులుగారు, సొంత పెళ్ళిలో పురోహితుడితో వాదించి ముహూర్తం దాటించిన మనిషి.

ఆ రోజు పానకాలు కూడా అక్కడే ఉన్నాడు. వారానికోసారి బస్సెక్కి వచ్చి, తన దేవుళ్ళు ఎట్టా ఉన్నారో చూసుకుని పోవడం అలవాటైంది. నిరంజనరావుగారు చేతులు కడుక్కుని వచ్చి, గురుత్వాకర్షణ గురించి సిబ్బందికి రెండు ముక్కలు చెప్పి, నరసింహస్వామిని పైకెత్తారు. పానకాలు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ చప్పుడు కాలేదు. కళ్ళు తెరిచి చూస్తే పంతులుగారు స్వామిని బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"దేవుడు లేడు," అన్నారాయన. "ఆ మాట మీద చచ్చేదాకా నిలబడతాను. కాని ఈయన మాత్రం నన్ను చూస్తున్నాడు."

నడుం నొప్పి కారణంగా రాజీనామా చేస్తున్నట్టు కాగితం రాసిచ్చి, వెళ్ళేటప్పుడు పానకాలు దగ్గర ఆగి ఈ కళ్ళు నువ్వే దిద్దావా అని అడిగి, భుజం తట్టి వెళ్ళిపోయారు. పానకాలుకు ఆ పూట కడుపు నిండినట్టయింది. ఎన్నో సన్మానాలు జరిగిన మనిషి కాదు కదా.

ఇలా పరీక్ష జరగక, దేవుళ్ళు తిరిగి రాక, నెలలు గడిచాయి. ఇక్కడ పొణికిపాడులో ఫోన్లు ఆగడం లేదు. రేపల్లె నుంచి ఒకావిడ గృహప్రవేశం చేసేసుకుని, ఖాళీ పీటకే రోజూ దీపం పెడుతున్నామని, పక్కింటివాళ్ళు ఏం దేవుడమ్మా మీది, కనపడడు అంటున్నారని చెప్పి ఏడ్చింది. సీతారావమ్మ ఆవిడతో మెత్తగా మాట్లాడి, ఫోను పెట్టేసి, మండలివాళ్ళని మాత్రం మెత్తగా కాకుండా తలుచుకుంది. అక్కడ పరీక్షాలయంలో ఎవరో శుక్రవారం పూలు పెట్టారు. ఆ పై వారం ఎవరో దీపం పెట్టారు. అగ్నిమాపక నిబంధనల ప్రకారం దీపం కూడదని విశ్వపతి అభ్యంతరం చెప్పి, బ్యాటరీ దీపానికి లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చాడు.

పెండింగు ఎక్కువైపోతుంటే మండలి సమావేశమైంది. ఐదు గంటలు చర్చించి అసలు లోపం ఎక్కడుందో కనిపెట్టింది. పరీక్షకులలో లోపం లేదు, పరీక్షలో లోపం లేదు. సదరు వస్తువుల నేత్రములు పరీక్షకుని విధినిర్వహణకు ఆటంకము కలిగించుచున్నవి. కావున ఇకమీదట దేవతా రూప దారువస్తువులు నేత్రరహితముగానే తయారుకావలెను. నేత్రములు విడిభాగముగా, అంటించుకునే బిళ్ళల రూపములో, పొట్లములో పెట్టి ఇవ్వబడును. వినియోగదారుడు ఇంటికి తీసుకుపోయి సూచనల కాగితం చదువుకుని అంటించుకొనవలెను.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని పొట్లంలో ఉన్న బిళ్ళ చిన్నది, చిన్నదాన్ని పసివాడు మింగగలడు. మండలి పుట్టిందే మింగుడు సమస్య మీద. మింగుడు పరీక్షకు ఒక గొట్టం ఉంది. గొట్టంలో దూరేది ఏదైనా గొంతులోనూ దూరుతుందని సిద్ధాంతం. కన్ను బిళ్ళ గొట్టంలోంచి జారి కింద పడింది. కొంచెం పెద్దది చేశారు, పడింది. ఇంకా పెద్దది చేశారు. చివరికి పప్పుచెక్క అంత సైజుకు వచ్చాక గొట్టం మీద నిలిచింది. అదే ప్రామాణిక నేత్రమని నిర్ణయించి, దేవుళ్ళందరికీ అదే సైజు ఖాయం చేసి, మాదిరి కోసం ఒక బాలకృష్ణుణ్ణి తయారుచేసి పొణికిపాడుకు పంపారు.

కృష్ణుడు జానెడు పొడుగు. కళ్ళు ముఖం దాటి, చెవులు దాటి, అటు నెమలి పింఛాన్నీ ఇటు వెన్నముద్దనీ కూడా కప్పేశాయి. చిదానందం పెట్టె తెరిచి చూపించి, తల పక్కకు తిప్పుకున్నాడు. వీధి అంతా చేరి చూసింది. సీతారావమ్మ దగ్గరికొచ్చి, వంగి, పరీక్షగా చూసింది.

"ఎవరో ఈ పిల్లోణ్ణి బాగా దడిపించారయ్యా," అంది.

వీధి గొల్లుమంది. పానకాలు నవ్వలేదు. ఈ బిళ్ళలే వస్తే ఇక తన గుమ్మానికి ఎవరూ రానక్కర్లేదని ఆయనకు అర్థమైంది. నవ్వుతున్నవాళ్ళకు కూడా, నవ్వు ఆగాక, అది అర్థమైంది. చిదానందం అప్పుడు జేబులోంచి రెండో కాగితం తీశాడు. తీయడానికి కాస్త సమయం తీసుకున్నాడు పాపం.

ప్రస్తుతం పరీక్షాలయమందు ఉన్న ఇరవై ఏడు వస్తువులకు నేత్రములు ముందే ఉన్నందున, సదరు నేత్రములను దిద్దిన వ్యక్తియే స్వయముగా హాజరై వాటిని చెరిపివేయవలెను. చెరిపిన పిదప పతన పరీక్ష జరుపబడును. నిరాకరించినచో పొణికిపాడు గ్రామములోని నలభై తయారీదారుల అనుమతులూ రద్దు కాబడును. తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటలు.

ఆదివారం పొద్దంతా పానకాలు చావిడిలో కూర్చుని కుంచెలు ముందు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. వీధివాళ్ళు ఒక్కొక్కరూ వచ్చారు. చెరపమని ఎవరూ అడగలేదు, చెరపొద్దని కూడా అడగలేదు. ఊరికే వచ్చి కూర్చుని వెళ్ళారు. అదే ఆయనకు ఎక్కువ కష్టమనిపించింది. పిల్లల్ని బళ్ళకు పంపుతున్నవాళ్ళు, ఇల్లు సగం కట్టినవాళ్ళు అందరూ తన కుంచె చివరే వేలాడుతున్నట్టు ఉంది. చివరికి భార్యతోనే అన్నాడు, నాకు దిద్దడమే వచ్చు, చెరపడం రాదే అని.

సీతారావమ్మ మక్కు రోలు కడుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"రాకపోవడమేంటి. మొన్న గుడివాడవాళ్ళ పాత స్వామికి మళ్ళీ రంగులెయ్యడానికి చెరపలేదా? ఎట్టా చెరిపావు? ఆ ఇంటాయన్ని ఎదురుగా నిలబెట్టి, పేరూ గోత్రం చెప్పించి, ఫలానా వాణ్ణి నేను మూయిస్తున్నాను స్వామీ, దోషం నాదే అనిపించాకే కదా తడిగుడ్డ పట్టావు. రేపు కూడా అట్టాగే చెయ్యి. చెరపమన్నోడి పేరు అడుగు."

పెళ్ళయి నలభయ్యేళ్ళయింది కాని, ఆవిడ తెలివి ఎప్పుడూ మక్కు రోలు దగ్గరే బయటపడుతుందని పానకాలు ఇంకా గమనించినట్టు లేదు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

సోమవారం పదకొండింటికి విశ్వపతి గది నిండిపోయింది. బల్ల మీద గుడ్డ పరిచి, నమూనా సంఖ్య ఒకటి అయిన నరసింహస్వామిని తెచ్చి కూర్చోబెట్టారు. మిగిలినవాళ్ళు పక్క గదిలో వరసగా ఉన్నారు. ఏసుపాదం, చిదానందం, గుమస్తాలు గోడవార నిలబడ్డారు. పానకాలు తలస్నానం చేసి తెల్లటి పంచెలో వచ్చాడు. కుంచె, నీళ్ళగిన్నె, మెత్తటి గుడ్డ బల్ల మీద సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కానీ పానకాలూ," అన్నాడు విశ్వపతి.

"ఎవరి పేరు మీదండి?"

"ఏమిటి ఎవరి పేరు?"

పానకాలు తమ పనిలో పద్ధతి వివరించాడు. దిద్దడం ఏ ఇంటికి దిద్దితే ఆ ఇంటి పేరు మీద, చెరపడం ఎవరు చెరపమంటే వాళ్ళ పేరు మీద. పేరు, ఇంటిపేరు, గోత్రం. గోత్రం లేనివాళ్ళు తండ్రి పేరు. వాళ్ళు ఎదురుగా నిలబడి, దోషం తనదే అని స్వామికి చెప్పుకోవాలి. అది కాగానే రెండు నిమిషాల పని. తాను తయారుగానే ఉన్నానన్నాడు.

"మండలి పేరు మీద చెయ్యి," అన్నాడు విశ్వపతి.

"మండలిది ఏ గోత్రమండి?"

విశ్వపతి చిదానందం వైపు చూశాడు. తను తనిఖీ మాత్రమే చేశానని, చెరపమని ఎక్కడా సిఫారసు చేయలేదని చిదానందం అన్నాడు. ఏసుపాదం అడగకముందే తల అడ్డంగా ఊపాడు. విశ్వపతి ఫైలు తెప్పించాడు. ఫైలు బెత్తెడు మందం ఉంది. దాంట్లో ముప్ఫై నాలుగు సంతకాలున్నాయి, ఒక్కటీ మనిషి పేరుగా చదవడానికి రాదు. ఉత్తర్వు కింద కార్యదర్శి తరఫున అని ఉంది. కార్యదర్శి నోట్ కింద అధ్యక్షుని ఆదేశముల మేరకు అని ఉంది. అధ్యక్షుడి నోట్ కింద సమావేశ నిర్ణయానుసారము అని ఉంది. సమావేశానికి ఎవరెవరు వచ్చారో చూద్దామంటే, హాజరైనవారు అన్నచోట 'సభ్యులు' అని మాత్రం ఉంది.

అధ్యక్షుడికి ఫోను చేశారు. సంగతంతా విని, తాను ఆమోదించడమే తప్ప చెరపమన్నది తాను కాదని, నిజానికి ఇంట్లో అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది కాబట్టి ఇలాంటి వాటిలో తన పేరు ఎత్తవద్దని, ఉపసంచాలకులు తమ విచక్షణ మేరకు వ్యవహరించవలెనని చెప్పి పెట్టేశాడు. విచక్షణ అనే మాట విశ్వపతి పాతికేళ్ళ ఉద్యోగంలో ఫైళ్ళలో చూశాడు కాని వాడలేదు. గదిలో ఉన్న అందరూ ఆయన పేరేమిటో, ఆయన గోత్రమేమిటో ఇప్పుడు చెబుతాడేమోనని ఎదురుచూస్తున్నారు.

పావుగంట గడిచింది. అప్పుడు విశ్వపతి మెల్లగా నిబంధనల పుస్తకం తెరిచాడు. ఆ పుస్తకంలో ఎక్కడో ఒక దారి ఉంటుందని ఆయన నమ్మకం. ఎవరి నమ్మకం వాళ్ళది. పేజీలు తిప్పగా తిప్పగా ఆయన ముఖం తేటపడింది.

పతన పరీక్ష పూర్తయిన వస్తువుకు మాత్రమే వర్తిస్తుంది. కళ్ళు దిద్దనిదే వస్తువు పూర్తికాదని తయారీదారు మొదటి రోజే వాంగ్మూలం ఇచ్చి ఉన్నాడు, పేజీ మూడు. కాబట్టి కళ్ళు లేని వస్తువు అసంపూర్ణ వస్తువు. అసంపూర్ణ వస్తువుకు పరీక్ష అవసరం లేదు, ధ్రువపత్రమూ అవసరం లేదు, దాన్ని ఉన్నది ఉన్నట్టుగా తయారీదారుకు తిరిగి ఇచ్చేయవచ్చు. ఇప్పుడు చేయవలసిందల్లా, ఈ ఇరవై ఏడింటికీ కళ్ళు లేవని నమోదు చేయడం.

"ఉన్నాయి కదండీ," అన్నాడు చిదానందం. కుర్రతనం.

"రికార్డులో లేవు," అన్నాడు విశ్వపతి.

కాగితం తయారైంది. నేత్రరహిత అసంపూర్ణ దారువస్తువులు ఇరవై ఏడు. ఇక ముందు పొణికిపాడు నుంచి వచ్చేవన్నీ కూడా ఈ కోవలోకే చేరతాయి. నలభై ఇళ్ళ జోలికి ఎవరూ రారు, పప్పుచెక్క కళ్ళు ఎవరూ పంపరు. గోడవార ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. పక్క గదిలో ఎవరో అప్పుడే కొబ్బరికాయ కొట్టారు, స్వాములు బయలుదేరుతున్నారని. ఏసుపాదం వెళ్ళి పెట్టెల్లో కొత్త గడ్డి పరిచాడు.

పానకాలు దగ్గరికి కాగితం వచ్చింది. ఆయన కూడబలుక్కుని చదివాడు. నేను దిద్దిన కళ్ళు వీటికి లేవు, అని ఆయన ఒప్పుకోవాలి. రేపల్లె ఆవిడ ఖాళీ పీట తలుచుకున్నాడు. వీధి తలుచుకున్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా పరగడుపున కూర్చుని, ఊపిరి బిగబట్టి చేసిన పనంతా, ఎన్ని వేల కళ్ళో, లేవు అనాలి. వాటిని దక్కించుకోవాలంటే లేవనే అనాలి. అయినా సంతకం పెట్టాడు. పేరు, ఇంటిపేరు, ఊరు, పూర్తిగా, ఎవరైనా చదువుకునేట్టు రాశాడు. ఆ ఫైలు మొత్తం మీద చదవడానికి వచ్చే సంతకం అదొక్కటే.

ఇప్పుడు విశ్వపతి వంతు. పానకాలు సంతకం కింద ఒక వాక్యం అచ్చు వేసి ఉంది. స్వయముగా పరిశీలించితిని, నేత్రములు లేవు. దాని కింద గీత ఉంది. విశ్వపతి కలం మూత తీశాడు, కాగితం సరిచేసుకున్నాడు, రివాజు ప్రకారం పరిశీలించడానికి తలెత్తాడు. బల్ల మీద, మూరెడు దూరంలో, నరసింహస్వామి తిన్నగా ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

కలం కాగితం మీద ఆని ఆగిపోయింది. సిరా చుక్క పాకడం మొదలుపెట్టింది. విశ్వపతి కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నాడు. అక్కడికీ చూపు వచ్చింది. ఇంకాస్త జరుపుకున్నాడు.

"పానకాలుగారూ," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "స్వామిని కాస్త అటు తిప్పుతారా."

పానకాలు చేతులు కట్టుకున్నాడు.

"కళ్ళు లేని కర్రే కదండీ, ఎటుంటే ఏం," అన్నాడు.

విశ్వపతి చుట్టూ చూశాడు. చిదానందం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఏసుపాదం పెట్టెకు పురికొస కడుతున్నాడు. స్వామిని తిప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఉపసంచాలకులవారు కలం గట్టిగా పట్టుకుని, తన కళ్ళు రెండూ మూసుకుని సంతకం పెట్టారు.